ఆరో నంబరు పరామర్శ

శుక్రవారం ఉదయం తొమ్మిదింపావుకి, ఆసుపత్రి రెండో అంతస్తులో ఏడో గది ముందు, ఇన్‌స్పెక్టర్ చంద్రాకర్‌తో నేనొక వాదన గెలిచాను. నా ఇరవయ్యేళ్ల డిటెక్టివ్ వృత్తిలో, ఓడిపోయి ఉంటే బాగుండేదని నేను అనుకున్న వాదన అదొక్కటే.

గదిలో ప్రసూన ఉంది. ఇరవయ్యారేళ్లు. తల నిండా కట్టు, స్పృహ లేదు. ముందురోజు సాయంత్రం ఆరూ పదికి, ఫ్యాక్టరీల పేట సిర్గిట్టిలో తను పనిచేసే ఆఫీసు మేడ కింద పడి ఉండగా వాచ్‌మన్ పోలయ్య చూశాడు. మేడ మీద గోడవారగా ఆమె చెప్పులు జంటగా పెట్టి ఉన్నాయి. ఏడేళ్ల కిందట, తండ్రి పోయిన ఏడాది, ఆ పిల్ల ఒకసారి చావబోయి బతికింది. ఆ సంగతి రైల్వే కాలనీ అంతా ఎరుగుదురు. అందుకని చెప్పులు చూశారు, పాత కథ గుర్తు చేసుకున్నారు, మళ్లీ దూకిందన్నారు.

కాదన్నది ఒక్క మనిషి, వాళ్ల అమ్మ అచ్చియమ్మ. తెల్లారి ఆరింటికి నా గుమ్మంలో నిలబడింది.

"బాబూ నూకరాజూ, మీ నాన్నా మా ఆయనా ఒకే షెడ్డులో పన్జేసినారు. ఆ సనువుతో అడుగుతున్నాను. నా గుంట దూకనేదు. ఎవరో తోసినారు."

"సాక్ష్యం ఏటి అమ్మా?"

"నా గుంటే సాక్ష్యం. లేచిన్నాడు అదే సెప్తాది. అందాకా దాన్ని సూసుకో. అంతే నాకు కావాల."

డాక్టర్లు సాయంత్రానికో రాత్రికో తెలివి రావచ్చన్నారు. అంటే నా పని తేలిక. ఒక్క పగలు ఆ పిల్లను కాపాడితే చాలు. తేలికైన పనులే నా కొంప ముంచుతుంటాయి.

చంద్రాకర్ గది ముందు కుర్చీ వేయించి కానిస్టేబుల్‌ని కూర్చోబెట్టాడు. అతను మాట్లాడేది హిందీ. నేను తెలుగులో చెబుతున్నాను, మీసం తిప్పడం మాత్రం మీరు కలుపుకోండి.

"జాసూస్ సాబ్, ఆత్మహత్యా ప్రయత్నం నేరం. సెక్షన్ మూడు వందల తొమ్మిది. ముద్దాయి దగ్గర కాపలా నా డ్యూటీ."

"కళ్లు తెరవగానే ఖాకీ చొక్కా కనిపిస్తే ఆ పిల్ల ఏమనుకుంటుంది?"

"తప్పు చేశాననుకుంటుంది. మంచిదే కదా."

నాకు ఒళ్లు మండింది. రెండేళ్ల కిందట రాష్ట్ర ఆరోగ్యశాఖ మా జిల్లాను ఏరుకుని ఆత్మహత్యల నివారణ కేంద్రం పెట్టిందే ఈ బుద్ధి మార్చడానికి. చావబోయి బతికినవాణ్ణి దొంగలా చూడకూడదు. వారానికోసారి ఒక పరామర్శకుడు ఇంటికి వెళ్లి, పక్కన కూర్చుని, నాలుగు మాటలడిగి, కార్డు మీద రాసుకు రావాలి. ఆ కార్డులన్నీ లెక్క తేల్చే గుమాస్తా ప్రసూనే. ఒకసారి తనే ఆ గట్టు దాకా వెళ్లి వచ్చింది కాబట్టి, ఆ పని కావాలని అడిగి మరీ చేరింది.

ఆ కేంద్రం నియమాల్లో మొదటిది నాకు కంఠతా వచ్చు. ప్రయత్నం జరిగాక నలభై ఎనిమిది గంటలు మనిషిని ఒంటరిగా వదలకూడదు, యూనిఫాం వేసుకున్నవాళ్లు పక్కన ఉండకూడదు. భోపాల్ నుంచి వచ్చిన ఆ ఉత్తర్వు నకలు తీసి చంద్రాకర్ ముక్కు కింద పెట్టాను. అతను రెండుసార్లు చదివాడు, కానిస్టేబుల్‌ని లేపాడు.

"అచ్ఛా. ఏదైనా అయితే నీ పేరు రాస్తాను."

"రాసుకోండి, స్పెల్లింగు చెప్పమంటారా?"

గెలిచాను కదా, నోరు ఊరుకోలేదు.

కుర్చీ ఖాళీగా ఉంచనక్కర లేకపోయింది. పరామర్శకుడు వేణుగోపాల్ పొద్దున్న ఎనిమిదింటికే ఫ్లాస్కుతో వచ్చి ఉన్నాడు. యాభై ఏళ్ల మనిషి, తెనాలి వైపువాడు. బొగ్గు గనుల ఉద్యోగం ముందే మానుకుని ఈ సేవలో దిగాడు. మాట వెన్న.

"మీరు ఇంటికెళ్లి స్నానం చేసి రండమ్మా, నేనున్నాగా," అన్నాడు అచ్చియమ్మతో. ఆమె లేవకపోతే, "తల్లి ఏడుపు బిడ్డకి వినపడుతుందమ్మా, స్పృహ లేకపోయినా," అన్నాడు. ఆమె లేచింది. నాకు కళ్లు చెమర్చాయి, దాచడమెందుకు.

నర్సు కనకాన్ని పిలిచి చెప్పాను. "సిస్టర్, వేణుగోపాల్ గారు తప్ప ఇంకో మనిషి లోపలికి పోకూడదు. నా మాటగా పుస్తకంలో రాసుకోండి."

ఆమె రాసుకుంది. నేను సంతకం పెట్టాను.

"సిస్టర్, రాత్రి తీసుకొచ్చినప్పుడు ఒళ్లు తుడిచింది మీరేనా?"

"నేనే సార్."

"పాదాలు ఎలా ఉన్నాయి?"

ఆమె కొంచెం ఆశ్చర్యంగా చూసింది. "పసుపు రాసుకుంది సార్. అరికాళ్లు కూడా పచ్చగా ఉన్నాయి. చక్కగా, శుభ్రంగా."

"మసి? దుమ్ము?"

"లేదు సార్. ఎడమ మణికట్టు మీద మాత్రం కొత్త గీరు ఉంది. చుట్టూ చర్మం తెల్లగా ఉంది, వాచీ పెట్టుకునే చోటు. వాచీ లేదు."

ఆ రెండు ముక్కలూ జేబులో వేసుకుని సిర్గిట్టి బయల్దేరాను.

కేంద్రం ఒక పాత గిడ్డంగి పైభాగంలో ఉంది. కింద తాళాలు, మొదటి అంతస్తులో ఆఫీసు, ఆ పైన మేడ. పోలయ్యతో ముందు మాట్లాడాను. ఐదింటికి ఆఫీసు మూశారు, ప్రసూనమ్మ రిజిస్టర్లు చూసుకోవాలని ఉండిపోయింది, తను ఐదుంపావుకి టీకి పోయి ఆరింటికి వచ్చాడు. ఆ ముప్పావు గంటలో ఎవరొచ్చిందీ ఎరగడు.

"మేడ ఎప్పుడు ఊడ్చావు?"

"సోమారం ఊడ్సినాను బాబూ. ఏటి, సెత్త ఉందా?"

చెత్త కాదు, మసి. సిర్గిట్టి పొగగొట్టాల కింద మూడు రోజులు ఊడవకపోతే ఏ మేడైనా పలకలా నల్లబడుతుంది. నేను బూట్లు విప్పాను, మేజోళ్లు విప్పాను, మెట్ల దగ్గర నుంచి పిట్టగోడ దాకా పది అడుగులు నడిచాను. పోలయ్య నాకు మతి పోయిందనుకున్నాడు. కాలెత్తి చూసుకుంటే అరికాలు ఇనప పెనంలా ఉంది.

చెప్పులు గోడవారగా కాదు, గోడకు నాలుగడుగుల ఇవతల విప్పి ఉన్నాయని పోలయ్య సుద్దముక్క గుర్తు చూపించాడు. చెప్పులు విప్పాక ఆ నాలుగడుగులు వట్టికాళ్లతో నడవాలి. నా రొమ్ము దాకా ఉన్న గోడ ఎక్కాలి. అయినా ఆ పిల్ల అరికాళ్లు పచ్చగా, శుభ్రంగా ఉన్నాయి. చెప్పులు విప్పింది ఆమె కాదు. గోడ దాటించింది ఆమె కాళ్లు కాదు.

అచ్చియమ్మ చెప్పినప్పుడు తల్లి మాట కదా అని విన్నాను. ఇప్పుడు నమ్మాను.

మోకాళ్ల మీద కూర్చుని మసి వేళ్లతో గీకుతూ పావుగంట వెతికాను. గోడ మూలలో సగం అగ్గిపుల్లంత ఇత్తడి ముల్లు దొరికింది. వాచీ పట్టీ బకిల్‌లో ఉండే ముల్లు. ఒక కొస వంగిపోయింది. దాన్ని సిగరెట్ పెట్టెలో దాచాను.

ఆఫీసులో డాక్టర్ మాధవీలత నాకోసం ఎదురుచూస్తోంది. కేంద్రానికి జిల్లా అధికారి ఆమె. హైదరాబాద్ చదువు, గంజి పెట్టిన నూలు చీర, ఎదుటివాడి మాట పూర్తయ్యేలోపే జవాబు. ఆమె వెనక గోడ మీద హిందీ పోస్టరు ఉంది, చావాలనుకునే మనిషిలో కనిపించే గుర్తులు. తిండి మానడం, నిద్ర పోకపోవడం, ఇష్టమైన వస్తువులు ఊరికే ఇచ్చెయ్యడం. దాని పక్కన ఒక పటం. ఎర్రగీత పైనుంచి కిందికి జారుతోంది.

"నిన్న సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా ఎక్కడున్నారు డాక్టర్?"

"ఇంట్లో. నెహ్రూ నగర్‌లో. సోమవారం భోపాల్‌లో చూపించాల్సిన పటాలు సరిచూసుకుంటున్నాను."

"ఎవరైనా చూశారా?"

"పటాలు చూశాయి."

"ప్రసూనతో గొడవ పడ్డారట, బుధవారం. పోలయ్య చెప్పాడు."

"గొడవ కాదు. కోటా బ్లాకు లెక్కలు శుక్రవారానికి కావాలన్నాను, ఇంకో వారం కావాలంది. కుదరదన్నాను." ఆమె పటం వైపు వేలు చూపించింది. "కోటా బ్లాకులో అంతకుముందు ఏడాదికి ముప్పై ఎనిమిది మంది పోయారు. నిరుడు పదకొండు మంది. సోమవారం వాళ్లు ఒప్పుకుంటే ఈ పద్ధతి రాష్ట్రమంతా పెడతారు. ఒక వారం ఆలస్యమంటే ఏమిటో మీకు అర్థమవుతోందా?"

అర్థమైంది. దానికోసం ఒక గుమాస్తా నోరు మూయించే మనుషులూ ఉంటారని కూడా అర్థమైంది. ఆ మాట పైకి అనలేదు గానీ, ఆమె మొహం ఎర్రబడింది. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టుందే అనుకున్నాను.

ప్రసూన బల్ల మీద కోటా రిజిస్టరు తెరిచే ఉంది. చావులన్నీ, కారణాలతో. తొమ్మిది పేర్ల పక్కన పెన్సిల్ చుక్కలు పెట్టింది. తొమ్మిదింటికీ కారణం ఒకటే, పాముకాటు. తేదీలు చదివాను. డిసెంబరు మూడు. డిసెంబరు పందొమ్మిది. జనవరి నాలుగు. జనవరి పదకొండు. అలా ఫిబ్రవరి మొదటి వారం దాకా.

"డాక్టర్, మీరు వైద్యులు, నాకో అనుమానం తీర్చండి. కోటా పాములు చలికాలంలో స్వెటర్లు వేసుకుని తిరుగుతాయా?"

ఆమె రిజిస్టరు లాక్కుంది. వేలు పెట్టి ఒక్కొక్కటే చూసింది. ఈసారి మొహం తెల్లబడింది.

"ఇవి... పరామర్శకులు ఊళ్ల నుంచి రాసి తెచ్చినవి. నేను సంతకం పెట్టాను."

"చదవకుండా?"

"అంకె తగ్గింది. తగ్గాలనే కదా చూస్తున్నాను. ఎందుకు తగ్గిందో చూడలేదు." ఆ ఒక్క మాట నెమ్మదిగా అంది.

ఆ తొమ్మిది మంది పరామర్శ కార్డులు తీయించాను. ఒకసారి చావబోయి బతికినవాళ్లు, కేంద్రం చెయ్యి పట్టుకున్నవాళ్లు. తొమ్మిదింటి మీదా పరామర్శకుడు ఒక్కడే, నం. 6. మాటలు కూడా ఇంచుమించు అవే. కులాసా, భయం లేదు, సమయం నాలుగున్నర. అన్నిటిమీదా నాలుగున్నరే. డిసెంబరు పదిహేడు నాటి కార్డులు రెండు పక్కపక్కన పెట్టాను. ఆ రెండు ఊళ్లకీ మధ్య పద్దెనిమిది మైళ్లు, అడవి బాట.

"ఈ ఆరో నంబరుకు రెక్కలున్నాయా డాక్టర్? ఒకే నాలుగున్నరకి రెండు ఊళ్లలో కూర్చున్నారు."

కార్డులు ఊళ్లలో రాసినవి కావు. ఏ కోటా స్టేషన్ టీకొట్టులోనో కూర్చుని, ముందుగానే వరసగా రాసి పడేసినవి. మనిషి వస్తాడని ఎదురుచూసినవాళ్లు ఎదురుచూస్తూనే పోయారు. పోయినవాళ్ల మీద పామును వదిలారు. కంచే చేను మేసింది, చుక్కలు పెట్టిన పిల్లను మేడ మీదనుంచి విసిరింది.

"ఆరో నంబరు ఎవరు?"

"చెప్పను."

"ఏమిటీ?"

"పరామర్శకుల పేర్లు బయటపడితే వాళ్లు వెళ్లే ఇళ్లు బయటపడతాయి. ఆ ఇళ్లకి రేపు పోలీసులు మూడు వందల తొమ్మిది పట్టుకుని వెళతారు. అందుకే నంబర్లు పెట్టాం. పేర్ల జాబితా తాళంలో ఉంది, తియ్యాలంటే భోపాల్ అనుమతి కావాలి. ట్రంకాల్ బుక్ చేస్తాను." తర్వాత, తనకు తానే చెప్పుకుంటున్నట్టు, "ఆరో నంబరు మాకు పేరు తెచ్చిన మనిషి. సోమవారం సన్మానం కూడా ఉంది," అంది.

ఆమె నియమం కాపాడుతోందా, తనను తాను కాపాడుకుంటోందా నాకు తేలలేదు. ఆరో నంబరు అసలు లేడేమో, ఈమే ఇక్కడ కూర్చుని రాసిందేమో అని కూడా తట్టింది. పోలయ్యను పిలిచి, డాక్టరమ్మ ఆఫీసు దాటితే నాకు కబురు చెయ్యమని చెప్పి బయటపడ్డాను. ఎంత తెలివైనవాణ్ణో చూడండి.

అప్పటికే ట్రంకాల్ కోసం ఎదురుచూస్తూ రెండున్నర గంటలు పోయాయి. లైను దొరకలేదు. నాలుగింటికి పది నిమిషాలుండగా అచ్చియమ్మ క్వార్టర్‌కు చేరాను. గుమ్మం ముందు పోలీసు జీపు ఉంది.

లోపల చంద్రాకర్ ఒక కాగితం బల్ల మీద పెట్టి, అచ్చియమ్మ చేతికి పెన్ను ఇవ్వబోతున్నాడు. కూతురు చాలాకాలంగా దిగులుగా ఉండేదని తల్లి ఒప్పుకోలు.

"సంతకం పెట్టకమ్మా," అన్నాను.

"జాసూస్ సాబ్, ఇది రెండోసారి అడ్డం రావడం."

"ఇంకోసారి కూడా వస్తాను. ఆ పిల్లను ఎవరో ఎత్తి పడేశారు." అరికాళ్లు, మసి, చెప్పులు చెప్పాను. పాముల సంగతి చెప్పాను. అతను మీసం తిప్పడం ఆపాడు గానీ, ఒప్పుకోలేదు.

"నా దగ్గర సాక్షి ఉన్నాడు. వేణుగోపాల్. నిన్న సాయంత్రం ఐదున్నరకి ఈ గుమ్మంలోనే అమ్మాయితో మాట్లాడాడు. తల్లి పక్కింట్లో పూజకు పోయింది. దీపం వెలుగుతోంది. అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుని ఇది చేతికిచ్చి, ఇక నాకు దీంతో పని లేదంది." జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పాడు. "తర్వాత రిక్షా ఎక్కి మళ్లీ సిర్గిట్టి పోయి దూకింది. ఇష్టమైన వస్తువులు ఇచ్చెయ్యడం గుర్తు కాదా? మీ కేంద్రం గోడ మీదే రాసుంది."

మగవాళ్లు పెట్టుకునే పెద్ద వాచీ. అచ్చియమ్మ దాన్ని చూసి చప్పుడు లేకుండా ఏడ్చింది. "మా ఆయనది. దీన్ని ఇప్పి స్నానం సేస్తాది, మల్లీ కట్టుకుంటాది. అంతే." తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుని అడిగింది. "ఏ వారం ఇచ్చిందన్నాడు?"

"గురువారం," అన్నాను. "నిన్న."

"దీపమెట్టీసిన తరవాతా?"

"ఆ."

అచ్చియమ్మ నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. చదువుకున్నవాడికి ఏబీసీడీలు రాకపోతే చూసే చూపు.

"మార్గశిర లక్ష్మివారం కదయ్యా. దీపమెట్టినాక మా ఇంట్లోంచి ఉప్పుగల్లు బయటికెల్లదు. నిన్న పొద్దుటేల పక్కింటి సిన్నమ్మ గిన్నెడు పంచదార అడిగితే, రేపిస్తాను పిన్నీ అన్నాది నా గుంట. ఆరేళ్ల బట్టి ఈ నోము పడతంది. అలాటిది, లక్ష్మివారం, దీపాలేల, గుమ్మంలో నిలబడి, ఆల్ల నాన్న గడియారం పరాయోడి సేతిలో ఎడతాదేటి? సచ్చిపోవాలనుకున్నా ఎట్టదు. తల్లికి ఏటీ మిగలకుండా సేసి పోతాదేటి?"

నాకు తెలియాల్సిన సంగతి. మా అమ్మ కూడా అంతే. లక్ష్మివారం నాడు ఎదురింటివాళ్లకి ఊరగాయ ముక్క పెట్టలేదని చిన్నప్పుడు నేను అలిగేవాణ్ణి. పసుపు పాదాలు అని నర్సు చెప్పినప్పుడైనా నాకు వెలగలేదు. మా విజయనగరం, శ్రీకాకుళం ఇళ్లలో పుట్టినవాడెవడూ ఆ అబద్ధం ఆడడు. తెనాలి నుంచి వచ్చినవాడు ఆడతాడు. పోస్టరు కంఠతా పట్టినవాడు ఆడతాడు.

"నోము సాక్ష్యమా?" అని నేనే చంద్రాకర్ నోట రాబోయే మాట ఊహించుకున్నాను. అతను అనలేదు. మాటలన్నీ హిందీలో చెప్పించుకుని, కాసేపు గోడవారనున్న కలశం వైపు చూశాడు.

"అగహన్ బృహస్పతి," అన్నాడు, మార్గశిర లక్ష్మివారాన్ని వాళ్ల భాషలో. "మా అమ్మ కూడా పడుతుంది. ఆ రోజు చీపురుపుల్ల కూడా బయటికివ్వదు. మేనమామ వచ్చి అడిగినా ఇవ్వదు."

నేను సిగరెట్ పెట్టె తెరిచి ఇత్తడి ముల్లు తీశాను. వాచీ పట్టీకి బకిల్ ఉంది, ముల్లు లేదు. పెడితే అమిరిపోయింది, వంకర కొసతో సహా.

"మేడ మీద దొరికింది. చేతికిచ్చిన వాచీ కాదిది, చేతి నుంచి లాగిన వాచీ."

చంద్రాకర్ లేచి నిలబడ్డాడు. "వేణుగోపాల్ ఇప్పుడు ఎక్కడున్నాడు?"

జవాబు నాకు తెలుసు. అచ్చియమ్మే చెప్పింది.

"ఆసుపత్రిలో. మజ్జానం నానెల్తే నర్సమ్మ నోనికి రానియ్యనేదు. నువ్వే సెప్పినావంట గదా బాబూ, ఆయన తప్ప ఎవరూ రాకూడదని. నువ్వు సెప్పినావంటే మంచికే అనుకుని వొచ్చీసినాను."

వీధి చివర ఫోన్ బూతు ఉంది. యాభై గజాలు. నేనంత వేగంగా ఎప్పుడూ పరిగెత్తలేదు. చంద్రాకర్ జీపు తిప్పుకుని బూతు పక్కకు తెచ్చాడు. లోపల గోడ గడియారం నాలుగూ ఐదు చూపిస్తోంది. మూడోసారికి లైను కలిసింది.

"సిస్టర్ కనకం, నేను నూకరాజుని. ప్రసూన ఎలా ఉంది?"

"అలాగే ఉంది సార్. తెలివి రాలేదు. రెండింటికి డాక్టర్ గారు చూశారు, కనురెప్పలు కదులుతున్నాయన్నారు."

"వేణుగోపాల్ గారు?"

"లోపలే ఉన్నారు సార్. పేషెంటుకు చప్పుడు తగలకూడదని గడియ పెట్టుకున్నారు. పాపం, భోజనానికి కూడా లేవలేదు. ఈ రోజు కార్డు మాత్రం మూడింటికే రాసి నా బల్ల మీద పెట్టారు, మీకివ్వమన్నారు."

"చదవండి."

కాగితం చప్పుడైంది. ఆమె తీరిగ్గా చదివింది, మందుల చీటీ చదివినట్టు.

"పరామర్శకుడు, నంబరు ఆరు. సమయం సాయంత్రం నాలుగున్నర. రోగి కళ్లు తెరిచింది. బతకాలని లేదంది. కిటికీ వైపు వెళ్లబోయింది, ఎంత ఆపినా..." కనకం ఆగిపోయింది. "సార్, ఇదేమిటి, ఈవిడకి ఇంకా తెలివే రాలేదు కదా. నాలుగున్నర కూడా కాలేదు."

ఈ మనిషి ఎప్పుడూ జరగబోయేది ముందుగా రాసిపెట్టుకునేవాడు. తొమ్మిదిసార్లు అలా రాశాడు. పదోది నేను సంతకం పెట్టి, తలుపు దగ్గర కాపలా తీయించి, తల్లిని కూడా వెనక్కి పంపించి, అతని చేతికిచ్చాను.

బూతు తలుపు తోసి చంద్రాకర్‌కు కేక వేశాను. "అతనే. నాలుగున్నరకి. కిటికీ. మీరు పొండి, నేను లైను వదలను." జీపు దుమ్ము లేపుకుంటూ పోయింది. ఆసుపత్రికి మూడు మైళ్లు, మధ్యలో లెవెల్ క్రాసింగ్. అచ్చియమ్మ వచ్చి బూతు అద్దం పట్టుకుని నిలబడింది. నేను ఆమె మొహం చూడలేకపోయాను.

"సిస్టర్, ఫోన్ పెట్టెయ్యకండి. పక్కన పెట్టి వెళ్లి ఆ తలుపు కొట్టండి. దొరికినవాళ్లనల్లా పిలవండి, గడియ విరగ్గొట్టండి. ఈలోగా ఆయన్ని మాట్లాడిస్తూ ఉండండి."

రిసీవర్ బల్ల మీద పెట్టిన చప్పుడు. గబగబా అడుగులు. ఎవరినో పిలుస్తున్న కనకం గొంతు. తలుపు మీద మూడు దెబ్బలు, తర్వాత ఇంకో మూడు.

"సార్, వేణుగోపాల్ సార్, ఒకసారి తలుపు తియ్యండి."

ఆ తర్వాత, దూరంగా, తలుపు అవతల నుంచి, పొద్దున్న నాకు కళ్లు చెమర్చేలా చేసిన ఆ వెన్నలాంటి గొంతు వినిపించింది.

"కాసేపు ఆగమ్మా. అమ్మాయి ఇప్పుడే కళ్లు తెరిచింది. పరామర్శ ఇంకా పూర్తి కాలేదు."